ఏజెన్సీలో సికిల్ సెల్ ఎందుకు పోలేదు? మేనరికానికి దానితో సంబంధం ఎంత?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మధురవాడలో ఉండి ఆంత్రోపాలజీ ఆప్షనల్‌తో సివిల్స్‌కి చదువుతున్నారు. ప్రకృతి వరణం చెడ్డ జన్యువులను ఏరేస్తుందని చదివారు. మరి పాడేరు, అరకు వైపు సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు ఇన్ని తరాలు గడిచినా ఎందుకు ఉండిపోయింది, మేనరికాలే కారణమా అన్నది మొదటి సందేహం. రెండోది ఇంటి సంగతి: మీ అక్కకు మేనమామ కొడుకుతో సంబంధం అనుకుంటున్నారు, అమ్మమ్మ వాళ్లది అరకు వైపు, దీనికి అడ్డుపడాలా వద్దా అని.

ముందు జవాబు చెప్పేస్తాను. సికిల్ సెల్ జన్యువు ఏజెన్సీలో నిలిచిపోవడానికి కారణం మలేరియా, మేనరికం కాదు. మేనరికం ఆ జన్యువును పుట్టించలేదు, పెంచనూ లేదు. అప్పటికే ఇద్దరిలో దాగి ఉన్నదాన్ని ఒక బిడ్డలో కలిపే అవకాశాన్ని మాత్రం పెంచుతుంది. మీ అక్క విషయంలో వాదనలతో పని లేదు. ఒక్క రక్తపరీక్ష చాలు, అది పెళ్లిమాటలు ఖాయం కాకముందే చేయించండి.

నేను విశాఖలోనే మానవ జన్యుశాస్త్రం చదువుకున్నాను. చాలా ఏళ్లు ఏజెన్సీ మండలాల్లో రక్తపరీక్షల శిబిరాల్లో పనిచేసి, ఇప్పుడు నగరంలో జెనెటిక్ కౌన్సెలింగ్ చేస్తున్నాను. మీ రెండు సందేహాలూ నా దగ్గరికి విడివిడిగా రోజూ వస్తాయి. విద్యార్థులు మొదటిది అడుగుతారు, పెళ్లివాళ్లు రెండోది అడుగుతారు. నిజానికి రెంటికీ ఒకే చోట జవాబు ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

జబ్బు సంగతి ముందు చూద్దాం. హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసును తయారుచేసే జన్యువు 11వ క్రోమోజోము మీద ఉంటుంది. అందులో ఒక్క అక్షరం మారితే, గొలుసులో ఆరో స్థానంలో ఉండాల్సిన గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ వచ్చి కూర్చుంటుంది. అంత చిన్న మార్పు. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆ హిమోగ్లోబిన్ ఒకదానికొకటి అతుక్కుని పొడుగాటి పోగుల్లా మారుతుంది, గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణం కొడవలిలా వంగిపోతుంది. ఈ కణాలు సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి, తొందరగా చితికిపోతాయి. అందుకే ఎముకలు పిండేసే నొప్పి, పదేపదే రక్తహీనత, కామెర్లు, చిన్నపిల్లల్లో చేతులు కాళ్లు వాచిపోవడం. ఇలాంటి పిల్లలను వాతమనో గాలి సోకిందనో అనుకుని ఏళ్ల తరబడి తిప్పి, ఆఖరికి ఎవరో రక్తం ఎక్కిస్తున్నప్పుడు అనుమానం వచ్చి పరీక్షకు పంపిన కుటుంబాలను ఎన్నో చూశాను.

ప్రతి మనిషికీ ఈ జన్యువు రెండు ప్రతులు ఉంటాయి, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. రెండూ మామూలువైతే ఏఏ. ఒకటి మామూలు, ఒకటి సికిల్ అయితే ఏఎస్, వీళ్లే క్యారియర్లు, సాధారణంగా ఏ బాధా ఉండదు. రెండూ సికిల్ అయితే ఎస్ఎస్, జబ్బు. కింద చెప్పేదంతా ఈ మూడు జతల మీదే నడుస్తుంది.

ఇక మలేరియా. ఫాల్సిపారం అనే మలేరియా పరాన్నజీవి ఎర్రకణంలో దూరి పెరుగుతుంది. ఏఎస్ మనిషి కణంలో దూరితే ఆ కణం కొడవలిగా మారే అవకాశం పెరుగుతుంది, ప్లీహం దాన్ని పట్టి వడకట్టేస్తుంది. పరాన్నజీవి ఎదుగుదల కూడా అందులో సరిగా సాగదు. జ్వరమే రాదని కాదు. మెదడుకు ఎక్కే, ప్రాణం తీసే తీవ్రమైన మలేరియా నుంచి దాదాపు 90 శాతం రక్షణ ఉంటుంది. దోమతెరలు, మందులు లేని కాలంలో ఒక కొండ ఊరిని ఊహించుకోండి. వానలు పడగానే జ్వరాలు. ఏఏ పిల్లలు కొందరు మలేరియాతో పోయేవారు. ఎస్ఎస్ పిల్లలు జబ్బుతో పోయేవారు. ఏఎస్ పిల్లలు రెంటినీ తప్పించుకుని పెద్దవాళ్లై పిల్లలను కనేవారు. వాళ్ల ద్వారా సికిల్ ప్రతి మళ్లీ తర్వాతి తరానికి చేరేది. 1954లో ఆంథొనీ అలిసన్ అనే శాస్త్రవేత్త తూర్పు ఆఫ్రికాలో చేసిన పనితో ఈ సంగతి రుజువుల మీద నిలబడింది.

ఇక్కడ మీ ప్రశ్నలోని "చెడ్డ జన్యువు" అన్న మాటను పక్కన పెట్టేయండి. ప్రకృతి వరణానికి మంచీ చెడూ తెలియదు. ఏ జన్యువు ఉన్నవాళ్లు, ఏ చోట, ఎక్కువమంది పిల్లలను పెంచి పెద్దచేయగలిగారు అన్నదొక్కటే లెక్క. అదే ఎస్ ప్రతి మలేరియా ఉన్న లోయలో లాభం, మలేరియా లేని ఊళ్లో శుద్ధ నష్టం. పరీక్షలో "విషమయుగ్మజ ఆధిక్యత" (ఏఎస్ లాంటి మిశ్రమ జత ఉన్నవాళ్లకే లాభం ఉండటం) అని రాసేటప్పుడు దాని పక్కన పరిసరాన్ని తప్పకుండా రాయండి. పరిసరం లేకుండా ఆ భావనకు అర్థమే లేదు.

చాలామంది జవాబు పత్రాల్లో "మలేరియా నుంచి కాపాడుకోవడానికి శరీరం జన్యువును మార్చుకుంది" అని రాస్తారు. దయచేసి మీరు అలా రాయకండి. ఉత్పరివర్తనం అవసరాన్ని చూసి రాదు. అది కణం తన జన్యువులకు ప్రతి తీసుకునేటప్పుడు యాదృచ్ఛికంగా జరిగిన మార్పు. మలేరియా లేని చోట కూడా జరిగే ఉంటుంది, అక్కడ నిలవలేదంతే. మలేరియా ఉన్నచోట నిలిచింది. మార్పు ముందు, వరణం తర్వాత. ఈ వరుస తారుమారైతే జవాబు మొత్తం డార్విన్‌ది కాకుండా, అవసరాన్ని బట్టి జీవి మారుతుందన్న లామార్క్‌ది అయిపోతుంది.

ఇప్పుడు మేనరికం. ఇక్కడ నేను నెమ్మదిగా వెళ్తాను, ఎందుకంటే చాలా పుస్తకాలు ఇక్కడ తొందరపడతాయి.

ఒక జనాభాలో ఒక జన్యువు ఎంత ఉంది అన్నది ఒక ప్రశ్న. అది ఎలా జతపడుతోంది అన్నది వేరే ప్రశ్న. తరతరానికీ మొదటిది మారితేనే దాన్ని పరిణామం అంటాం. దాన్ని మార్చేవి నాలుగు: ఉత్పరివర్తనం, ప్రకృతి వరణం, జన్యు డ్రిఫ్ట్ (చిన్న సమూహాల్లో కేవలం యాదృచ్ఛికంగా వాటాలు మారడం), వలసలతో వచ్చే జన్యు ప్రవాహం. రక్తసంబంధీకుల మధ్య పెళ్లి ఈ నాలుగింట్లో లేదు. అది తనంతట తానుగా రెండోదాన్నే మారుస్తుంది.

మాటలతో నమ్మకం కుదరదు, లెక్క చేద్దాం. ఒక జనాభాలో సికిల్ ప్రతుల వాటా నూటికి 10 అనుకోండి. ఇది లెక్క కోసం తీసుకున్న అంకె, ఏ తెగదీ కాదు. పెళ్లిళ్లు యాదృచ్ఛికంగా జరిగితే, 1908లో హార్డీ, వైన్‌బర్గ్ విడివిడిగా చెప్పిన సూత్రం ప్రకారం 10,000 మంది పిల్లల్లో 8,100 మంది ఏఏ, 1,800 మంది ఏఎస్, 100 మంది ఎస్ఎస్ పుడతారు. సికిల్ ప్రతులు మొత్తం ఎన్ని? 1,800కి రెండు వందలు కలిపితే 2,000.

ఇప్పుడు ఆ 10,000 మంది తల్లిదండ్రులూ మేనబావా మరదళ్లే అనుకోండి. అలాంటి దంపతుల బిడ్డకు, ఏ జన్యువు తీసుకున్నా, రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి ఒకే ప్రతి నుంచి వచ్చే అవకాశం 16లో 1. ఆ లెక్కన ఎస్ఎస్ పిల్లలు 100 నుంచి 156కి పెరుగుతారు. ఏఎస్ పిల్లలు 1,800 నుంచి 1,688కి తగ్గుతారు. సికిల్ ప్రతులు? 156 రెండ్లు 312, దానికి 1,688 కలపండి. మళ్లీ 2,000. ఒక్కటి కూడా పెరగలేదు, తరగలేదు. ఇదివరకు క్యారియర్లలో చప్పుడు లేకుండా ఉన్న ప్రతులు కొన్ని ఒకచోట చేరి జబ్బుగా బయటపడ్డాయి, అంతే.

ఈ లెక్కను ఇంకొక్క అడుగు ముందుకు తీసుకెళ్తే, నా అనుభవంలో ఎక్కువమందిని ఆశ్చర్యపరిచే సంగతి కనిపిస్తుంది. సికిల్ బదులు ఒక అరుదైన జన్యులోపాన్ని తీసుకోండి, ప్రతుల వాటా నూటికి 1 మాత్రమే. యాదృచ్ఛిక పెళ్లిళ్లలో 10,000 మందిలో ఒక్కరికి జబ్బు. మేనబావా మరదళ్ల పెళ్లిళ్లలో సుమారు ఏడుగురికి. మేనమామే పెళ్లికొడుకైతే, అంటే అక్క కూతురిని చేసుకుంటే, సుమారు 13 మందికి. సికిల్ విషయంలో మేనరికం జబ్బును ఒకటిన్నర రెట్లు చేసింది. అరుదైన జబ్బును ఏడు రెట్లు చేసింది. అంటే మేనరికం ముప్పు ఎక్కువగా అరుదైన జబ్బుల్లో ఉంది, సికిల్ లాంటి అందరిలో పాకిన జన్యువులో తక్కువ. ఎక్కడ జన్యువు బాగా వ్యాపించి ఉందో అక్కడ బయటి సంబంధం చేసుకున్నా అవతలి మనిషి క్యారియర్ అయ్యే అవకాశం బాగానే ఉంటుంది. పై లెక్కలో ప్రతి నూరుగురిలో 18 మంది క్యారియర్లే కదా. పుట్టుకతో వచ్చే చెవుడు, కొన్ని రకాల కండరాల, జీవక్రియల జబ్బుల పిల్లలు మా దగ్గరికి వచ్చినప్పుడు "మేనరికమా?" అని మొదటే అడిగేది ఇందుకే.

మొత్తం మీద చూస్తే, మేనరికం దంపతుల పిల్లల్లో పుట్టుకతో వచ్చే తీవ్ర సమస్యల అవకాశం మామూలు జనాభాకన్నా సుమారు రెండు, మూడు శాతం అదనం అని చెబుతారు. ఇది లేనిపోని భయం కాదు, కొట్టిపారేసేదీ కాదు. ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. "మా తాతల నుంచీ చేసుకుంటున్నాం, ఏమీ కాలేదు" అనే పెద్దల మాటలోనూ అబద్ధం లేదు. కాకపోతే ఏమీ కాని ఇళ్లు గుర్తుండిపోతాయి, పసితనంలో పోయిన బిడ్డ ఎందుకు పోయిందో ఎవరూ రాసిపెట్టరు.

ఇక్కడ ఒక వాదన ఉంది, పరీక్షకు పనికొస్తుంది. మేనరికం జబ్బును బయటపెడుతుంది, బయటపడ్డది వరణానికి దొరుకుతుంది, కాబట్టి తరతరాలుగా మేనరికాలు చేసుకున్న దక్షిణాదిలో ప్రాణాంతక జన్యువులు కొంత ఏరివేతకు గురై ఉంటాయని. 1960లలో జన్యుశాస్త్రవేత్త ఎల్.డి. సంఘ్వీ ఈ దిశగా రాశారు. తర్కం బాగుంది. కానీ ఆ ఏరివేత జరిగేది పిల్లల చావులతో. పైగా బయటి పెళ్లిళ్లు కలుస్తూ ఉంటే అది పూర్తిగా సాగదు. "కాబట్టి మేనరికం మంచిదే" అని దాన్నుంచి తేల్చేవాళ్లతో నేను ఏకీభవించను.

మన ప్రాంతానికీ ఈ శాస్త్రానికీ గట్టి చుట్టరికం ఉంది, మీరు వ్యాసంలో వాడుకోవచ్చు. మలేరియాకూ రక్తజబ్బులకూ సంబంధం ఉండవచ్చని 1949లోనే తలసీమియా (హిమోగ్లోబిన్ తక్కువగా తయారయ్యే వంశపారంపర్య జబ్బు) విషయంలో ఊహించిన బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడ్డారు. ఆయన శిష్యుడు కృష్ణ ద్రోణంరాజు మన పిఠాపురం వారు. ఆయన, మీరాఖాన్ కలిసి ఆంధ్రలో రక్తసంబంధ వివాహాల మీద చేసిన అధ్యయనం 1963లో వెలువడింది. హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాక, ఆయన కోరిక మేరకు భౌతికకాయం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది. దోమలో మలేరియా పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది సికింద్రాబాద్‌లో. తెలుగు విద్యార్థి ఈ అధ్యాయాన్ని పరాయి దేశాల ఉదాహరణలతోనే రాయాల్సిన అవసరం లేదు.

జన్యు డ్రిఫ్ట్‌కి కూడా ఇక్కడి ఉదాహరణే ఉంది. ఆర్యవైశ్యుల్లో కొందరికి సూడోకోలినెస్టరేస్ అనే ఎంజైము బాగా తక్కువ. ఆపరేషన్ ముందు మత్తు డాక్టర్లు కండరాలు సడలడానికి ఇచ్చే స్కోలిన్ ప్రభావం మామూలుగా కొద్ది నిమిషాల్లో దిగిపోవాలి. వీళ్లలో గంటలు పడుతుంది, అంతసేపూ యంత్రం మీద ఊపిరి ఇవ్వాలి. ఈ లోపం వల్ల ఏ లాభమూ కనిపించదు, మలేరియా లాంటి కథ దీని వెనుక లేదు. పూర్వం కొద్దిమందితో మొదలైన సమూహం తమలో తాము పెళ్లిళ్లు చేసుకుంటూ పెరిగినప్పుడు, ఆ కొద్దిమందిలో ఒకరికి ఉన్నది వాళ్ల సంతతిలో చాలామందికి పాకింది. దీన్ని స్థాపక ప్రభావం అంటాం. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు భాగస్వాములైన 2009 నాటి పరిశోధన కూడా వైశ్యుల్లో బలమైన స్థాపక ఘట్టాన్ని చూపించింది. మీ మిత్రుల్లో ఎవరైనా ఆ కుటుంబాల వాళ్లుంటే, ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరుకు ఈ సంగతి చెప్పమనండి. గమనించండి, ఇక్కడ దగ్గరి చుట్టాల్లో పెళ్లి చేసుకోకపోయినా, కులంలోపలే చేసుకుంటూ రావడం సరిపోయింది.

మలేరియా తగ్గితే సికిల్ పోతుందా అని కూడా అడగబోతారు కాబట్టి ఇప్పుడే చెప్తాను. పోతుంది, కానీ మీ మునిమనవలు కూడా చూడరు. ఎస్ఎస్ పిల్లలెవరూ సంతానం కననంత కఠినమైన లెక్క వేసుకున్నా, నూటికి 10 ఉన్న ప్రతుల వాటా సగానికి, అంటే 5కి రావడానికి 10 తరాలు పడుతుంది. తరానికి 25 ఏళ్లు వేసుకుంటే 250 ఏళ్లు. నూటికి 1కి దిగడానికి 90 తరాలు, సుమారు 2,250 ఏళ్లు. ఎందుకంటే ప్రతుల్లో అధికభాగం క్యారియర్లలో దాక్కుని ఉంటుంది, వరణం కంటికి ఆనదు. పైగా ఇప్పుడు మందులున్నాయి. హైడ్రాక్సీయూరియా వాడితే పిల్లలు బడికి వెళ్తున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, పెళ్లిళ్లు చేసుకుంటున్నారు. అది జరగాలి కూడా. జన్యువు తగ్గాలని మనుషులను వదిలేయడం ఎవరి ఉద్దేశమూ కాకూడదు. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ఆ పనిని 2047 నాటికి పూర్తిచేస్తానంటోంది, 40 ఏళ్లలోపు ఏడు కోట్లమందికి పరీక్షలు చేయాలన్నది దాని లక్ష్యం. అందులో మనం అడ్డుకోగలిగేది జత కలవడాన్ని. ప్రతులు ఎన్ని ఉన్నాయన్నది మన చేతిలో లేదు.

మన దేశంలోని సికిల్ సాధారణంగా అరబ్-ఇండియన్ హాప్లోటైపుతో (ఆ జన్యువు చుట్టూ కలిసి సంక్రమించే డీఎన్ఏ నమూనాతో) వస్తుంది. వీళ్లలో పిండదశ హిమోగ్లోబిన్ ఎక్కువగా మిగిలి ఉండటంతో ఆఫ్రికా రకాలతో పోలిస్తే సగటున జబ్బు కాస్త నెమ్మది. సగటున అని గుర్తుంచుకోండి. నెలకోసారి నొప్పితో మెలికలు తిరిగే పిల్లలు మన దగ్గరా ఉన్నారు.

ఇక మీ అక్క సంగతి.

మీ అమ్మమ్మ క్యారియర్ అనుకుందాం. ఆమె నుంచి మీ అమ్మకు ఆ ప్రతి వచ్చే అవకాశం సగం, అమ్మ నుంచి అక్కకు మళ్లీ సగం, అంటే 4లో 1. అటు మేనమామ ద్వారా బావకూ అంతే. ఇద్దరూ క్యారియర్లు అయ్యే అవకాశం 16లో 1. బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 64లో 1. ఇది పరీక్ష చేయించకముందు ఉన్న అంచనా. పరీక్ష చేయించాక ఈ 64 ఉండదు. ఇద్దరిలో ఒక్కరి రిపోర్టు పూర్తిగా మామూలుగా ఉన్నా సికిల్ జబ్బు ముప్పు దాదాపు సున్నా. ఇద్దరికీ ఉంటే ప్రతి కాన్పులో 4లో 1.

"ప్రతి కాన్పులో" అన్నది ఎందుకు నొక్కుతున్నానంటే, పాడేరు దగ్గర ఒక శిబిరంలో ఒక తల్లి నన్ను అడిగింది: "ముందు పుట్టిన ముగ్గురూ బాగానే ఉన్నారు కదమ్మా, అయితే ఈ నాలుగోదానికి వచ్చేస్తాదా?" ఆవిడ ఏడు నెలల గర్భిణి. ఎవరో ఆవిడకు నలుగురిలో ఒకరికి వస్తుందని చెప్పి వదిలేశారు. బొమ్మా బొరుసూ వేసినప్పుడు కిందటిసారి ఏం పడిందో నాణేనికి గుర్తుండదు, కాన్పు కూడా అంతే అని చెప్పాక ఆవిడ ముఖం తేటపడింది. ముందు ముగ్గురూ బాగుండటం నాలుగోదానికి శాపమూ కాదు, భరోసా కూడా కాదు.

పరీక్ష గురించి. శిబిరాల్లో చేసేది సాల్యుబిలిటీ పరీక్ష. వేలి చివర నుంచి ఒక బొట్టు తీసి, గాజు గొట్టంలోని ద్రావణంలో కలిపి కొద్ది నిమిషాలు ఆగుతాం. తర్వాత నల్లగీతలున్న కాగితం ముందు గొట్టాన్ని పట్టుకుని చూస్తాం. గీతలు స్పష్టంగా కనిపిస్తే సికిల్ హిమోగ్లోబిన్ లేనట్టు. ద్రావణం మబ్బుపట్టి గీతలు కనిపించకపోతే ఉన్నట్టు. కానీ అది క్యారియరా, జబ్బా అని ఈ పరీక్ష చెప్పలేదు. ఆరు నెలల్లోపు పసిపిల్లల్లో దీన్ని నమ్మకూడదు, వాళ్లలో పిండదశ హిమోగ్లోబిన్ ఇంకా ఎక్కువగా ఉంటుంది. రక్తం బాగా తక్కువగా ఉన్నవాళ్లలోనూ తప్పు చూపించవచ్చు. ఈ మబ్బును చూసి "మీ అమ్మాయికి సికిల్ ఉంది" అని ఊళ్లో చెప్పేయడంతో సంబంధాలు చెడిపోయిన ఇళ్లు ఉన్నాయి. ఆ పిల్లలు క్యారియర్లు మాత్రమే, జబ్బు మనుషులు కారు.

మీరు నేరుగా హెచ్‌పీఎల్‌సీ పరీక్షకు (రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచేది) వెళ్లండి. విశాఖలో పెద్ద ఆసుపత్రుల్లో, పెద్ద ల్యాబుల్లో దొరుకుతుంది. ముందు అక్కకు చేయించండి. ఆవిడ రిపోర్టు పూర్తిగా మామూలుగా ఉంటే సికిల్ భయంతో బావను ఇబ్బంది పెట్టనక్కర్లేదు. ఆవిడ క్యారియర్ అయితేనే ఆయనకూ చేయించాలి. ఇద్దరూ క్యారియర్లైతే పెళ్లి మానుకోవాలన్న చట్టమేమీ లేదు, అది వాళ్లిద్దరి నిర్ణయం. గర్భం వచ్చిన 10 నుంచి 12 వారాల మధ్య మాయ నుంచి చిన్న నమూనా తీసి బిడ్డ స్థితి తెలుసుకునే వీలుంది. అన్నీ తెలిసి నిర్ణయించుకోవాలి.

వీటితో పాటు రెండు వైపులా మూడు తరాల వంశవృక్షం గీసుకుని రండి. చిన్నప్పుడే పోయినవాళ్లు, పుట్టుచెవుడు, మూర్ఛలు, ఎదుగుదల లేకపోవడం, పదేపదే గర్భస్రావాలు, ఏవీ దాచకుండా రాయండి. పైన చెప్పానుగా, మేనరికంలో అరుదైన జబ్బులే ఎక్కువ ముప్పు. హెచ్‌పీఎల్‌సీలో అవి కనిపించవు, పెద్దవాళ్ల నోటనే బయటపడతాయి.

చివరిగా రిపోర్టు చదివేటప్పుడు ఒక్కటి చూడండి. "సికిల్ లేదు" అన్న మాట దగ్గరే ఆగిపోకండి. హెచ్‌బీఏ2 (హిమోగ్లోబిన్‌లో ఒక రకం వాటా) అని ఒక అంకె ఉంటుంది. అది 3.5 శాతం దాటి ఉంటే బీటా తలసీమియా క్యారియర్ అయి ఉండవచ్చు. ఒకరు సికిల్ క్యారియర్, ఇంకొకరు తలసీమియా క్యారియర్ అయితే బిడ్డకు సికిల్ జబ్బులాంటిదే వచ్చే అవకాశం ప్రతి కాన్పులో 4లో 1. ఇనుము బాగా తక్కువగా ఉంటే ఈ అంకె తగ్గి, ఉన్న లోపం కప్పబడిపోవచ్చు కూడా. కాబట్టి అక్కకు రక్తం తక్కువగా ఉంటే సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) రిపోర్టులు కూడా పక్కన పెట్టుకునే డాక్టరుకు చూపించండి. పేరు, ఊరు తీసేసి ఆ అంకెలు ఇక్కడ పెడితే నేనూ చూసి చెప్తాను.